మైక్రోఆల్గే సారాన్ని సన్‌స్క్రీన్‌తో ఎలా వాడాలి: బెజవాడ, గుంటూరు ఎండలకు పనికొచ్చే పద్ధతి

ముందే సూటిగా చెప్పేస్తాను. స్పిరులినా అనే నాచు పొడిని కలబంద జెల్‌లో కలిపి ముఖానికి రాసుకుంటే అది సన్‌స్క్రీన్ అవ్వదు. సీసా మీద ‘నేచురల్’ అని రాసి ఉన్నంత మాత్రాన ఎండ ఆగదు. కానీ మైక్రోఆల్గే, అంటే నీళ్లలోనూ తడి గోడల మీదా పెరిగే కంటికి ఆనని నాచు, సన్‌స్క్రీన్ పనిలో నిజంగానే సాయపడుతుంది, కాకపోతే ఏ రకం ఎంత వేయాలో, దేంతో కలపాలో, దేంతో అస్సలు కలపకూడదో తెలిసి వాడాలి. విజయవాడలో, గుంటూరులో ఇంట్లోనే సబ్బులు, సీరమ్‌లు చేసి అమ్ముకునే ఆడవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, బీఫార్మసీ చదివి సొంతంగా ఏదైనా మొదలుపెడదామనుకునే పిల్లలూ ఉన్నారు. వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, “ఆల్గే ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే జింక్, కెమికల్ ఫిల్టర్లు (సన్‌స్క్రీన్‌లో ఎండని ఆపే అసలు పదార్థాలు) మానేయొచ్చా?” అని. మానేయకూడదు. ఎందుకు మానేయకూడదో, మరి ఆల్గేని ఎక్కడ వాడితే ఫలితం ఉంటుందో వివరంగా రాస్తున్నాను.

మన ఎండ సంగతి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే ఊళ్లు మనవి. అందుకే ఎండని వేడితో కొలవడం మనకి అలవాటైపోయింది. చర్మాన్ని కమిలించేదీ, మంగు మచ్చల్ని ముదరబెట్టేదీ ముఖ్యంగా యూవీ కిరణాలు, అవి వేడిగా తగలవు, కంటికి కనిపించవు. ఎంత యూవీ పడుతుందన్నది సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు మన నడినెత్తి మీదకి వస్తాడు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మళ్లీ. మేలో అందరం జాగ్రత్తగానే ఉంటాం. ఆగస్టులో మాత్రం వానలు పడ్డాయి, గాలి చల్లబడింది అని గొడుగు, సన్‌స్క్రీన్ రెండూ పక్కన పెట్టేస్తాం, మబ్బు విడిచిన ప్రతి అరగంటా మేలో పడినంత నిటారుగానే ఎండ పడుతుందన్నది గుర్తుండదు.

ఒక తేలికైన గుర్తు ఉంది. మీ నీడ మీ ఎత్తుకంటే పొట్టిగా ఉంటే యూవీ గట్టిగా ఉన్నట్టే. మన ఊళ్లలో డిసెంబర్ చివర్లో కూడా మిట్టమధ్యాహ్నం నీడ మనిషి కంటే పొట్టిగానే ఉంటుంది. అంటే మనకి సన్‌స్క్రీన్ అక్కర్లేని నెల అంటూ లేదు.

యూవీలో నేలకి చేరేవి రెండు రకాలు. వాటిని కిరణం అల పొడవుతో, నానోమీటర్లలో కొలుస్తారు. సుమారు 290 నుంచి 320 నానోమీటర్ల దాకా యూవీబీ, ఇది చర్మాన్ని కమిలించేది. 320 నుంచి 400 దాకా యూవీఏ, ఇది లోపలికి వెళ్లి ముడతలు, మచ్చలు తెచ్చేది, బస్సు అద్దంలోంచీ కారు పక్క అద్దంలోంచీ కూడా చాలావరకు లోపలికి వస్తుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, ఆల్గే ఎంతవరకు పనికొస్తుందో తేల్చేది ఇవే.

ఏ ఆల్గే ఏం చేస్తుంది

పాత డాబాల పిట్టగోడల మీద వానాకాలంలో మొదలై ఎండాకాలంలోనూ పోకుండా ఉండే నల్లటి చారలు చూసే ఉంటారు. వాటిలో చాలావరకు సైనోబాక్టీరియా, అంటే నీలి ఆకుపచ్చ నాచు. ఆ ఎండకి అది మాడిపోకుండా ఎలా ఉంటోంది? వెలుతురు లేకపోతే దానికి ఆహారం లేదు, కాబట్టి నీడకి పారిపోలేదు, అందుకని యూవీని పీల్చేసే పదార్థాల్ని తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. స్కైటోనెమిన్ అనే గోధుమరంగు పదార్థం ఆ నాచు చుట్టూ ఉండే తొడుగులో ఉంటుంది, 370 నుంచి 385 నానోమీటర్ల ప్రాంతంలో యూవీఏని గట్టిగా పీలుస్తుంది. వినడానికి అద్భుతంగా ఉంది కదా, కానీ రంగు ముదురు గోధుమ, నీళ్లలో కరగదు, కొనుక్కునేంత సులువుగా మార్కెట్లో దొరకదు. దాన్ని ప్రస్తుతానికి పరిశోధకులకి వదిలేద్దాం.

మనకి అందుబాటులో ఉన్న అసలైన సరుకు ఎంఏఏలు, పూర్తి పేరు మైకోస్పోరిన్ లాంటి అమైనో ఆమ్లాలు. చాలా చిన్న అణువులు, నీళ్లలో కరుగుతాయి, రంగు ఉండదు, వెలుతురుకీ వేడికీ బాగానే తట్టుకుంటాయి. 310 నుంచి 360 నానోమీటర్ల మధ్య యూవీని పీల్చుకుని, ఆ శక్తిని హాని లేని వేడిగా మార్చి వదిలేస్తాయి. వీటిలో షినోరిన్, పోర్ఫైరా-334 అనేవి ఎక్కువగా వినిపించే పేర్లు, రెండూ 334 నానోమీటర్ల దగ్గర గరిష్ఠంగా పనిచేస్తాయి. సైనోబాక్టీరియాలోనూ, డైనోఫ్లాజెల్లేట్ అనే సముద్రపు సూక్ష్మజీవుల్లోనూ, ఎర్ర నాచులోనూ ఇవి ఉంటాయి. ఒక సంగతి తెలిసి కొనండి, ఎంఏఏల పేరుతో కాస్మెటిక్ సప్లయర్ల దగ్గర ఎక్కువగా దొరికేది మైక్రోఆల్గే నుంచి తీసింది కాదు, పోర్ఫైరా అంబిలికాలిస్ అనే, సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసింది. జపాన్ వాళ్లు అన్నం చుట్టుకు తినే నోరి కూడా ఆ కుటుంబానిదే. పని ఒకటే కాబట్టి దాన్ని వాడటంలో తప్పేమీ లేదు, కానీ లేబుల్ మీద మైక్రోఆల్గే అని రాసుకోవడం అబద్ధం అవుతుంది.

ఇప్పుడు ఆ అంకెల దగ్గరికి రండి. ఎంఏఏలు పనిచేసేది 310 నుంచి 360 దాకా. చర్మాన్ని ఎక్కువగా కమిలించే యూవీబీ 310 కంటే కిందే చాలా ఉంది. 360 నుంచి 400 దాకా ఉన్న లోతైన యూవీఏ కూడా మిగిలిపోయింది. రెండు వైపులా తలుపులు తెరిచే ఉన్నాయన్నమాట. పైగా క్రీములో మనం వేసే సారంలో అసలు ఎంఏఏ ఉండేది చాలా కొద్ది. యూరప్‌లో గానీ మన దేశంలో గానీ అనుమతించిన యూవీ ఫిల్టర్ల జాబితాలో సహజ ఎంఏఏలు లేవు. ఇవన్నీ కలిపి చూస్తే, ఎంఏఏ అసలు ఫిల్టర్‌కి తోడుగా ఉండాల్సిందే తప్ప దాని స్థానంలో కూర్చోలేదు.

మిగతావి అసలు యూవీ ఫిల్టర్లే కావు. హెమటోకాకస్ ప్లూవియాలిస్ అనే ఆకుపచ్చ ఆల్గే, ఎండ ఎక్కువై పోషకాలు అందకపోతే ఎర్రగా మారిపోతుంది, ఆ ఎరుపే ఆస్టాజాంథిన్. అది పీల్చేది 470-480 నానోమీటర్ల దగ్గర, అంటే నీలి వెలుతురు. డునాలియెల్లా సలైనా అనే ఉప్పునీటి ఆల్గే ఇచ్చే బీటా కెరోటిన్ కూడా అంతే, 450 దగ్గర. స్పిరులినాలోని నీలిరంగు ఫైకోసయనిన్ అయితే 620 దగ్గర, యూవీకి ఆమడ దూరం. వీటి ఉపయోగం వేరు, ఎండ వల్ల చర్మంలో పుట్టి కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ని తగ్గించే యాంటీఆక్సిడెంట్లు ఇవి. ఆ పని చిన్నదేమీ కాదు. 2015లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చిందేమిటంటే, రంగునిచ్చే చర్మ కణాల్లో డీఎన్‌ఏకి జరిగే నష్టం మనం నీడలోకి వచ్చాక కూడా మూడు గంటలకు పైగా కొనసాగుతుందట, అందులో చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌కి కూడా పాత్ర ఉంది. అంటే మన గోధుమరంగు చర్మానికి ఎండ తర్వాతి సంరక్షణ కూడా అవసరమే, యాంటీఆక్సిడెంట్ల చోటు అక్కడ.

పచ్చి పొడి రాసుకుని ఎండలోకి వెళ్లకండి

ఈ ఒక్క హెచ్చరిక కోసమైనా ఇది చదవండి. స్పిరులినా, క్లోరెల్లా పొడుల్లో క్లోరోఫిల్ ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే వెలుతురుని పట్టుకుని ఆక్సిజన్‌ని చురుకైన, హాని చేసే రూపంలోకి మార్చగలదు. క్లోరోఫిల్ విరిగిపోయినప్పుడు వచ్చే ఫియోఫార్బైడ్ అనే పదార్థం ఇంకా ఘోరం. 1977లో జపాన్‌లో, ఆ పదార్థం ఎక్కువగా ఉన్న క్లోరెల్లా మాత్రలు మింగినవాళ్లకి ఎండ తగిలిన చోటల్లా చర్మం వాచి ఎర్రబడింది. అది కడుపులోకి తీసుకున్న సంగతే అయినా, ఆల్గే పొడి చర్మాన్ని ఎండకి ఇంకా సున్నితం చేయగలదని చెప్పడానికి అది చాలు. ఫేస్ ప్యాక్ వేసుకోవాలనుంటే సాయంత్రం వేసుకుని శుభ్రంగా కడిగేయండి. పగలు ముఖం మీద ఉంచే దేంట్లోనూ పచ్చి పొడి వద్దు.

ఇంకో విషయం, స్పిరులినా పొడి బరువులో సగానికి పైగా ప్రొటీనే. దాన్ని నీళ్లున్న క్రీములో కలిపి మన ఊరి ఉక్కపోతలో పెడితే బ్యాక్టీరియాకి విందు పెట్టినట్టే. వాసన వచ్చేలోపే లోపల పాడైపోయి ఉంటుంది.

సూర్యలంక, బాపట్ల వైపు రొయ్య పిల్లల హేచరీల్లో కీటోసెరాస్ లాంటి ఆల్గేని ట్యాంకుల్లో పెంచుతారు, బాగా తెలిసినవాళ్లు ఉంటే అక్కడి నుంచి తెచ్చుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. వద్దండీ. అది రొయ్య పిల్లల మేత కోసం పెంచింది, ఆ నీళ్లలో విబ్రియో లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు, చర్మానికి వాడే సారానికి కావాల్సిన శుద్ధి, పరీక్ష ఏవీ దానికి జరగవు. ఆల్గే పెంచడం తెలిసినవాళ్లు మన తీరంలో ఇంతమంది ఉన్నారు కాబట్టి రేపు కాస్మెటిక్ గ్రేడ్ సారం కూడా ఇక్కడే తయారవ్వాలని నాకు గట్టిగా ఉంది, అది వేరే మాట.

కొనేటప్పుడు

కాస్మెటిక్ ముడిసరుకు అమ్మే సప్లయర్ దగ్గరే కొనండి, ఆహారంగా అమ్మే డబ్బా వద్దు. కొనే ముందు రెండు కాగితాలు అడగండి. ఒకటి ఆ బ్యాచ్ విశ్లేషణ పత్రం, దాంట్లో భార లోహాలు, సూక్ష్మజీవుల లెక్క ఉండాలి, సైనోబాక్టీరియా నుంచి తీసిన సరుకైతే మైక్రోసిస్టిన్ అనే విషం లేదని కూడా ఉండాలి. రెండోది టెక్నికల్ డేటా షీట్, ఎంత శాతం వేయాలి, ఏ పీహెచ్‌లో (పులుపు ఎంత ఉందో చెప్పే కొలత) నిలబడుతుంది, ఎంత వేడి తట్టుకుంటుంది అన్నవి అందులోనే ఉంటాయి. ఈ రెండూ ఇవ్వని సప్లయర్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

వేడి సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. ఫైకోసయనిన్ 45 డిగ్రీలు దాటితే విరగడం మొదలవుతుంది, వెలుతురు తగిలినా అంతే, నీలం పోయి బూడిదరంగుకి దిగుతుంది. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో బెజవాడ దాకా వచ్చేసరికి దాని పని అక్కడే అయిపోవచ్చు. అది కావాలంటే చలికాలంలో తెప్పించుకోండి. ఆస్టాజాంథిన్ నూనె గాలి తగిలితే పాడవుతుంది, నల్ల సీసాలో గాలి చొరకుండా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎంఏఏ సారం ఈ విషయంలో మొండిది, మన వాతావరణానికి నేను మొదట సిఫార్సు చేసేది అదే.

ఇంట్లో చేసుకోగలిగింది: సన్‌స్క్రీన్ కింద వేసుకునే సీరమ్

ఇంట్లో సన్‌స్క్రీన్ చేయొద్దు. జింక్ ఆక్సైడ్ పొడి తెచ్చి క్రీములో కలిపితే చూడటానికి తెల్లగా నున్నగానే ఉంటుంది, కానీ లోపల పొడి కంటికి కనిపించని ఉండలు కట్టి ఉంటుంది, ఉండకీ ఉండకీ మధ్య చర్మానికి రక్షణ ఉండదు. దాని ఎస్‌పీఎఫ్, అంటే కమిలించే ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, 5 ఉందో 25 ఉందో ఇంట్లో తెలుసుకునే దారి లేదు. సీరమ్‌కి ఆ చిక్కు లేదు. ఫిల్టర్ పని కొన్న సన్‌స్క్రీన్ చేస్తుంది, ఆల్గే దాని కింద తన పని తాను చేస్తుంది.

100 గ్రాములకి కొలత ఇది. డిస్టిల్డ్ వాటర్ 88.6 గ్రాములు, గ్లిజరిన్ 4, ఎంఏఏ సారం 4, నియాసినమైడ్ (విటమిన్ బీ3) 2, చిక్కదనానికి శాంథన్ గమ్ 0.3, నీళ్లలోని లోహాల్ని కట్టిపడేసే డైసోడియం ఈడీటీఏ 0.1, ఫినాక్సీ ఇథనాల్, ఇథైల్‌హెక్సైల్ గ్లిజరిన్ కలిసిన ప్రిజర్వేటివ్ (పాడవకుండా ఉంచే పదార్థం) 1. ఎంఏఏ సారం శాతం మాత్రం మీ సప్లయర్ డేటా షీట్ ఎంత చెబితే అంతే వేసి, తేడాని నీళ్లలో సర్దుకోండి. స్పూన్లతో కొలవద్దు, 0.01 గ్రాము చూపించే చిన్న తూకం మెషీన్ కొనుక్కోండి. ప్రిజర్వేటివ్ 1 గ్రాము వేయాల్సిన చోట 3 పడితే ముఖం మండుతుంది, 0.3 పడితే సీరమ్ కుళ్లుతుంది. బ్యాటరీలో పోసే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా అని వాడకండి.

గిన్నెలు, స్పాచులా, సీసా అన్నీ 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. శాంథన్ గమ్‌ని నేరుగా నీళ్లలో చల్లితే గడ్డలు కట్టేస్తుంది, అందుకని ముందు గ్లిజరిన్‌లో వేసి ముద్దలా కలుపుకుని ఆ తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ఈడీటీఏ, నియాసినమైడ్ వేసి కరిగేదాకా తిప్పండి. నీళ్లని ముందుగా వేడిచేసి ఉంటే 40 డిగ్రీల కిందికి చల్లారేదాకా ఆగండి. అప్పుడే ఎంఏఏ సారం, చివర్లో ప్రిజర్వేటివ్. పీహెచ్ స్ట్రిప్‌తో చూడండి, 5.5 నుంచి 6 మధ్య ఉండాలి, ఎక్కువుంటే సిట్రిక్ యాసిడ్ ద్రావణం ఒక్కో చుక్క వేసి మళ్లీ చూడండి. గాలి చొరబడని పంపు సీసాలో పోయండి. వేలు ముంచే డబ్బాలో వద్దు. ప్రిజర్వేటివ్ వేసినా ఇంట్లో చేసినదానికి ల్యాబ్ పరీక్ష ఉండదు కాబట్టి నెలలోపు వాడేయండి, రంగు, వాసన, చిక్కదనం ఏది మారినా పారేయండి.

మొదట మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూడండి. దురద, దద్దుర్లు ఏమీ లేకపోతేనే ముఖానికి.

ఆస్టాజాంథిన్ వాడాలనుంటే రాత్రికి వాడండి. స్క్వాలేన్ నూనె 99.3 గ్రాములు, విటమిన్ ఈ 0.5, పది శాతం బలమున్న ఆస్టాజాంథిన్ ఓలియోరెజిన్ (చిక్కటి నూనె సారం) 0.2 వేసి కలిపితే లేత నారింజ రంగులో నూనె వస్తుంది, రెండు మూడు చుక్కలు చాలు. ఇంకా వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు, దిండు గలీబుకి అంటిన మరక వదలదు. దీన్ని పగలు సన్‌స్క్రీన్ కింద ఎందుకు వద్దంటున్నానంటే, కింద నూనె ఉంటే పైన రాసిన సన్‌స్క్రీన్ పొర సమంగా నిలబడదు, జారిపోతుంది.

రోజూ వేసుకునే వరస

ముఖం కడుక్కుని సీరమ్ రాసుకోండి. అది పూర్తిగా ఆరాక సన్‌స్క్రీన్, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపడేంత అవుతుంది. ఎస్‌పీఎఫ్ పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి కొలుస్తారు, మామూలుగా జనం రాసుకునేది అందులో సగం కూడా ఉండదు, అందుకే ‘50 రాసుకున్నా నల్లబడ్డాను’ అనే మాట వినిపిస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం ఆరాటపడేకంటే సరిపడా రాసుకోవడం మీద దృష్టి పెట్టండి. లేబుల్ మీద పీఏ పక్కన ప్లస్ గుర్తులు ఎన్నున్నాయో చూడండి, అది యూవీఏ లెక్క, నాలుగుంటే అన్నింటికంటే మంచిది.

బయటికి వెళ్లే పావుగంట ముందు రాసుకుని, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. ఇక్కడ మన ఉక్కపోత ఒకటుంది కదా. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆపుకుని కర్చీఫ్‌తో ముఖం తుడుచుకున్నారంటే సన్‌స్క్రీన్ సగం కర్చీఫ్‌లోకి వెళ్లిపోయినట్టే, గంటతో పని లేకుండా మళ్లీ రాసుకోండి. ఎంఏఏలు నీళ్లలో కరిగేవి, చెమటకి ఇంకా తేలిగ్గా పోతాయి, పైన చెమటకి తట్టుకునే సన్‌స్క్రీన్ పొర ఉంటేనే అవి నిలుస్తాయి. గుంటూరు మిర్చి కల్లాల్లో, పొలాల్లో రోజంతా ఎండలో ఉండేవాళ్లకి ఏ క్రీమూ ఒక్కటే చాలదు, నిండు చేతుల చొక్కా, తలగుడ్డ, వెడల్పు టోపీ ముందు, సన్‌స్క్రీన్ తర్వాత. బండి మీద వెళ్లే ఆడపిల్లలు చున్నీని ముఖానికి చుట్టుకోవడం చాలా మంచి అలవాటు, మానొద్దు. ట్యూబ్‌ని బండి డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి నూనె, నీరు విడిపోతాయి.

మంగు ఉన్నవాళ్లకి ఒక మాట. మన రంగు చర్మంలో మంగుని మామూలు వెలుతురు, ముఖ్యంగా నీలి వెలుతురు కూడా రెచ్చగొడుతుంది. ఆస్టాజాంథిన్ నీలి వెలుతురుని పీలుస్తుంది కదా, అదే చాలదా అంటే చాలదు, క్రీముల్లో ఉండే పాళ్లలో దానికంత శక్తి లేదు. ఐరన్ ఆక్సైడ్ ఉన్న, చర్మం రంగులో వచ్చే టింటెడ్ సన్‌స్క్రీన్ తీసుకోండి. జింక్ వల్ల ముఖం సున్నం కొట్టినట్టు కనబడే ఇబ్బంది కూడా దాంతో తగ్గుతుంది. మంగు ముదురుతుంటే ఆల్గేతో ప్రయోగాలు ఆపి చర్మ వైద్యుల్ని కలవండి. ఆరు నెలల లోపు పసిపిల్లలకి సన్‌స్క్రీన్ వద్దు, నీడే వాళ్లకి రక్ష.

సొంతంగా సన్‌స్క్రీన్ బ్రాండ్ పెట్టాలనుకుంటే

లైసెన్స్ ఉన్న తయారీదారుతో చేయించండి. వాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఈ విషయాలు మీకు తెలిసి ఉంటే ఎవరూ మిమ్మల్ని మాయ చేయలేరు.

జింక్ ఆక్సైడ్‌ని పొడిగా వద్దని, నూనెలో ముందే బాగా నూరి కలిపిన డిస్పర్షన్‌గా వాడమని చెప్పండి. అమెరికాలో, యూరప్‌లో జింక్ గరిష్ఠ పరిమితి 25 శాతం. బయట నూనె, లోపల నీరు ఉండే ఎమల్షన్ (నూనె, నీరు కలిసిన క్రీము) అడగండి, జింక్ బయటి నూనెలోనూ ఎంఏఏ లోపలి నీటిలోనూ ఉంటాయి, చెమటకి రెండూ తొందరగా పోవు. మన ఊళ్లకి సరిపోయే పద్ధతి అదేనన్నది నా గట్టి అభిప్రాయం, కాస్త జిడ్డుగా అనిపించినా సరే. కార్బోమర్ అనే చిక్కదనమిచ్చే పదార్థంతో చేసిన జెల్‌లో జింక్ వేద్దామంటే ఒప్పుకోవద్దు, జింక్ అయాన్లకి ఆ జెల్ పలచబడి విరిగిపోతుంది. జింక్ వల్ల క్రీము పీహెచ్ 7 పైకి వెళుతుంది కాబట్టి సోడియం బెంజోయేట్ లాంటి ప్రిజర్వేటివ్‌లు అక్కడ పనిచేయవు, అవి పులుపు వైపు ఉన్న క్రీముల్లోనే పనికొస్తాయి. నీలిరంగు ఆకర్షణగా ఉంటుందని ఫైకోసయనిన్ వేసి పారదర్శకమైన సీసాలో అమ్మాలనుకుంటే అంగడి అరలోనే రంగు పోతుంది, కస్టమర్ పాత సరుకు ఇచ్చారనుకుంటారు.

పరీక్షలు మాత్రం తగ్గించుకోవద్దు. ఎస్‌పీఎఫ్‌కి ఐఎస్‌ఓ 24444 అనే అంతర్జాతీయ ప్రమాణం, అది మనుషుల చర్మం మీద చేసేది. యూవీఏకి ఐఎస్‌ఓ 24443, అది పలకల మీద పరికరంతో చేసేది. ఈ రెండూ ఎందుకు కలిపి చేయించాలో చూడండి. ఎస్‌పీఎఫ్ పరీక్షలో చర్మం ఎంతసేపటికి ఎర్రబడిందన్నదే కొలత. ఎరుపుని, వాపుని తగ్గించే మొక్కల సారాలు, ఆల్గే సారాలు క్రీములో ఎక్కువగా ఉంటే, లోపలికి వెళ్లే యూవీ తగ్గకపోయినా ఎరుపు ఆలస్యంగా కనిపించవచ్చు, దాంతో అంకె పెరుగుతుంది. చర్మానికి నష్టం జరుగుతూనే ఉంటుంది, చెప్పే గుర్తు మాత్రం ఆలస్యమవుతుంది. కాబట్టి ‘మా ఆల్గే సారం వేస్తే ఎస్‌పీఎఫ్ పదిహేను పెరుగుతుంది’ అని ఎవరైనా అంటే, పలకల మీద చేసిన కొలత కూడా, ఎస్‌పీఎఫ్ అంకెతో సర్దకముందుది, చూపించమనండి. అందులో కూడా పెరిగితేనే అది నిజంగా యూవీని ఆపినట్టు. వీటితో పాటు 40 డిగ్రీల వేడిలో నిల్వ పరీక్ష, ప్రిజర్వేటివ్ సరిగా పనిచేస్తోందా అన్న పరీక్ష చేయించండి, మన గోడౌన్ల సంగతి తెలుసు కాబట్టి 45 డిగ్రీల దగ్గర కూడా చూడమని అడగండి. జంతువుల మీద కాస్మెటిక్స్ పరీక్షించడం మన దేశంలో 2014 నుంచి నిషేధం.

మన దేశంలో సన్‌స్క్రీన్ కాస్మెటిక్ కిందకి వస్తుంది, 2020 కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. అమ్మడానికి తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్స్ కావాలి. సొంత ఫ్యాక్టరీ లేకపోతే లైసెన్స్ ఉన్న మరొకరి యూనిట్‌లో చేయించుకునేందుకు లోన్ లైసెన్స్ అనే పద్ధతి ఉంది, చిన్నగా మొదలుపెట్టేవాళ్లకి అదే సులువు. పైన చెప్పిన సీరమ్‌కీ ఇదే నియమం, మీ ముఖానికి మీరు చేసుకోవచ్చు, వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్మాలంటే లైసెన్స్ ఉండాల్సిందే.

లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, పదార్థాల జాబితా ఉండాలి. జాబితాలో ఎక్కువగా ఉన్నది ముందు రాస్తారు, ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. కొనేవాళ్లు కూడా ఈ కిటుకు తెలుసుకోండి, ఫినాక్సీ ఇథనాల్ గరిష్ఠంగా 1 శాతమే ఉంటుంది కాబట్టి జాబితాలో ఆల్గే సారం దాని తర్వాత కనిపిస్తే, ఉన్నది ఒక శాతం లోపే అన్నమాట. అమ్మేవాళ్లయితే ముందువైపు పెద్ద అక్షరాలతో ‘జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్’ అని, దాని కింద చిన్నగా ‘ఆల్గే సారంతో’ అని రాయండి, ఎస్‌పీఎఫ్ అంకె పరీక్షలో ఎంత వస్తే అంతే వేయండి.